మీకు తెలుసా? గడియారంలో తొమ్మిదిన్నర, ఆకాశంలో పదీ పది

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహసీలులో, తుష్నాబాద్ అని ఒక ఊరు. నవంబరు నెలలో అక్కడ సాయంత్రం ఐదు కొట్టకముందే పొద్దు గూకుతుంది. ఐదున్నరకల్లా ఎదురొచ్చే మనిషి ఎవరో పోల్చుకోలేం. ఆ వేళకు హైదరాబాదులో ఇంకా సూర్యుడు దిగడు. రెండుచోట్లా గోడ గడియారం మాత్రం ఒకే సమయం చూపిస్తుంది. రాత్రి ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి అని అడిగేవాళ్లందరికీ ముందు ఈ తేడా చెప్పాలనిపిస్తుంది నాకు. ఈసారి కబుర్లన్నీ దాని చుట్టూనే.

మన దేశపు గడియారం కాకినాడ పక్కనుంచి నడుస్తోందని తెలుసా?

భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర, మన వైపు కాకినాడ దగ్గర ఆ గీత వెళ్తుంది. 1906 జనవరి 1 నుంచి ఈ లెక్క అమల్లో ఉంది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత గంటలే వాడుకున్నాయనుకోండి, అది వేరే కథ. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఆ గీతకు తుష్నాబాద్ పది డిగ్రీల పైచిలుకు తూర్పున ఉంది. కాబట్టి గడియారం కంటే అక్కడి ఆకాశం సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం అయ్యేది పదకొండూ ఇరవై ప్రాంతంలో; నవంబరులోనైతే పదకొండూ ఐదుకే. జూన్‌లో తెల్లవారుజామున ఐదుకు ముందే సూర్యోదయం. ఏడాది మొత్తంలో ఏ రోజూ సాయంత్రం ఆరు దాటాక సూర్యుడు కనిపించడు.

ఇప్పుడు రాత్రి భోజనం లెక్క చూడండి. తుష్నాబాద్‌లో తొమ్మిదిన్నరకు కంచం ముందు కూర్చుంటే ఆకాశం లెక్కన అది పదీ పది. హైదరాబాదులో అదే తొమ్మిదిన్నర ఆకాశం లెక్కన తొమ్మిదింబావు. ఒకే గంటకు తిన్నట్టే ఉంటుంది కానీ ఇద్దరి మధ్య దాదాపు గంట తేడా!

అండమాన్ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎంతమందో తెలుసా?

2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలవేటకూ పనులకూ వెళ్లి స్థిరపడినవాళ్లు. విశాఖ రేవులో ఓడెక్కితే రెండు రోజుల పైమాటే పడుతుంది పోర్ట్‌బ్లెయిర్ చేరడానికి. 2024 సెప్టెంబరులో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. వెళ్లినవాళ్లు వెంట భాష తీసుకెళ్లారు, పండగలు తీసుకెళ్లారు, ఉప్పుచేప వాసన తీసుకెళ్లారు. రాత్రి భోజనం వేళను కూడా మెల్లగా మన దగ్గరి గడియారానికే కట్టేసుకున్నారు. టీవీ సీరియల్ తునికైనా తుష్నాబాద్‌కైనా ఒకే గంటకు వస్తుంది మరి.

తుష్నాబాద్‌లో మా బంధువుల ఇల్లొకటి ఉంది. వరసకు అక్క. పోయిన నవంబరులో వాళ్లింట్లో నాలుగు రోజులు ఉన్నాను. సాయంత్రం ఐదుకల్లా వీధి దీపాలు వెలిగాయి, కప్పలు అందుకున్నాయి. ఏడింటికే పిల్లలు ఆవలిస్తున్నారు. పొయ్యి మీద అన్నం మాత్రం తొమ్మిదికి ఉడుకుతోంది. తొమ్మిదీ నలభైకి కంచాలు పెట్టారు. వేడన్నం, చారు, వేయించిన ఉప్పుచేప. ఇటు మేం తింటుంటే అటు పెద్ద పిల్ల పక్కలు పరుస్తోంది. చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే అందరూ దుప్పటి కప్పుకున్నారు.

“అక్కా, ఏడింటికే పెట్టేయొచ్చు కదా?” అన్నాను.

“అంత పెందలాడే తింటే ఏటి తమ్ముడూ, మళ్లీ అర్ధరాత్రి ఆకలేస్తాది కదా!” అంది.

చాలా ఇళ్లలో ఇదే మాట వింటాం. ఈ భయంలో నిజమెంతో ముందు ముందు చూద్దాం.

రాత్రి ఎనిమిదికి ఆకలి ఎక్కువగా ఉండటం మీ తిండిపోతుతనం వల్ల కాదని తెలుసా?

రాత్రంతా తినకుండా ఉంటాం కాబట్టి, న్యాయంగా అయితే పొద్దున్నే ఆకలి దంచేయాలి. అలా జరగదు. 2013లో అమెరికాలో 12 మందిని పగలూ రాత్రీ తెలియని మసక వెలుతురు గదుల్లో ఉంచి, తిండి, నిద్ర రోజంతటికీ సమంగా పంచి పరీక్షించారు. ఒంట్లోని గడియారం ప్రకారమే ఆకలి ఉదయం ఎనిమిది ప్రాంతంలో అడుగంటింది, రాత్రి ఎనిమిది ప్రాంతంలో శిఖరానికి చేరింది. సాయంత్రం ఆకలి సహజం. దాన్ని అణచుకోమని నేను చెప్పను. ఆ ఆకలి పుట్టినప్పుడే అన్నం పెట్టేయమంటాను. ఏడింటికి ఆవలిస్తున్న పిల్లలకు అప్పటికే ఆకలీ ఉంది, నిద్రా ఉంది. ఆలస్యమైంది అన్నం మాత్రమే.

కాలేయానికి సొంత గడియారం ఉందని తెలుసా?

ఒంట్లో గడియారం అంటే ఒక్కటే అనుకుంటాం. పెద్ద గడియారం మెదడులో ఉంటుంది; సుమారు 20,000 నాడీకణాల గుత్తి అది. కంట్లో పడే వెలుతురును బట్టి తన ముల్లు సరిచేసుకుంటుంది. కాలేయం, క్లోమం, పేగులు, కండరాలు, అన్నిట్లోనూ చిన్న గడియారాలు ఉన్నాయి. ఇవి తిండి వేళను బట్టి ముల్లు తిప్పుకుంటాయి. ఈ గడియారాలను నడిపే జన్యువుల పనితీరును ఈగల్లో విడమరిచి చెప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

తుష్నాబాద్‌లో ఐదింటికి చీకటి పడగానే మెదడు గడియారం రాత్రి లెక్క మొదలుపెడుతుంది. తొమ్మిదీ నలభైకి వేడన్నం లోపలికి దిగితే కాలేయం ఇంకా పగలే అనుకుంటుంది. ఒకే ఒంట్లో ఒకరు రాత్రి అంటారు, ఒకరు పగలంటారు.

దీని ఫలితం రక్తంలో కనిపిస్తుంది. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను ఊరుతుంది. 1958లో అమెరికాలో ఏరన్ లెర్నర్ బృందం దాన్ని వేరుచేసి పేరు పెట్టింది. ఆ హార్మోను పెరిగేకొద్దీ క్లోమం ఇన్సులిన్ విడవడం తగ్గిస్తుంది. 2022లో స్పెయిన్‌లో 845 మందిని పరీక్షించి చూశారు. పడుకునే వేళకు గంట ముందు గ్లూకోజు తాగినప్పుడు, నాలుగు గంటల ముందు తాగినప్పటికంటే ఇన్సులిన్ తక్కువగా వచ్చింది, చక్కెర ఎక్కువగా పేరుకుంది. ఒకే మనిషి, ఒకే గ్లూకోజు. మారింది వేళ ఒక్కటే. ఇంటికొక షుగరు మనిషి ఉన్న మన కుటుంబాల్లో ఈ సంగతి అన్నం గిన్నె మీద రాసి పెట్టుకోదగ్గది.

అదే ఏడాది బోస్టన్‌లో ఫ్రాంక్ షీర్, నీనా వుయోవిచ్ బృందం అధిక బరువున్న 16 మందికి ఒకే తిండిని ఒకసారి మామూలు వేళకూ, మరోసారి నాలుగు గంటలు ఆలస్యంగానూ పెట్టింది. ఆలస్యంగా తిన్నప్పుడు మర్నాడు మెలకువగా ఉన్నంతసేపూ ఆకలి ఎక్కువ ఉంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది, ఒంట్లో ఖర్చయ్యే శక్తీ తగ్గింది. “పెందలాడే తింటే మళ్లీ ఆకలేస్తుంది” అన్న అక్క భయానికి ఇది సగం జవాబు. ఆలస్యంగా తింటేనే ఆకలి ఎక్కువవుతోంది.

కరెంటు లేని మనుషులు పొద్దుగూకాక ఎంతసేపటికి పడుకుంటారో తెలుసా?

పొద్దు గూకగానే పడుకుంటారనుకుంటాం. 2015లో జెరోమ్ సీగల్ బృందం టాంజానియాలో హాడ్జాలను, నమీబియాలో సాన్‌లను, బొలీవియాలో చిమానేలను గమనించింది. మూడు జాతులూ వేటతోనో, దుంపలు తవ్వుకునో, చిన్న సాగుతోనో బతికేవాళ్లు. సూర్యాస్తమయం తర్వాత సగటున 3.3 గంటలకు వాళ్లు నిద్రపోతున్నారని తేలింది. తెల్లవారకముందే లేస్తున్నారు.

ఈ లెక్కను తుష్నాబాద్‌కు వేసి చూశాను. నవంబరులో నిద్ర వేళ ఎనిమిదింబావు. జూన్‌లో తొమ్మిది. అంటే అక్కావాళ్లు అన్నం ఉడికిస్తున్న సమయానికి ఒళ్లు పడక అడుగుతోంది. అదే లెక్క హైదరాబాదుకు వేస్తే నవంబరులో తొమ్మిది, జూన్‌లో పది దాటుతుంది. హైదరాబాదులో తొమ్మిదింటికి తినేవాడికి కాస్త వెసులుబాటు ఉంది. తుష్నాబాద్ మనిషికి అది లేదు.

పొద్దు త్వరగా గూకడం అదృష్టమని తెలుసా?

దేశమంతటికీ ఒకే గడియారం వల్ల పిల్లల నిద్ర ఏమవుతోందో మౌలిక్ జగ్నానీ అనే ఆర్థికవేత్త కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు లెక్క తీశాడు. పొద్దు ఆలస్యంగా గూకే పడమటి ఊళ్లలో పిల్లలు ఆలస్యంగా పడుకుంటున్నారు, బడి గంట మాత్రం మారదు కాబట్టి ఆ నిద్ర తిరిగి రాదు. సూర్యాస్తమయం గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర అరగంట తగ్గుతోందని తేల్చాడు. చదువు కూడా వెనకబడుతోందన్నాడు. పేదల ఇళ్లలో ఈ దెబ్బ ఎక్కువ.

ఆ లెక్క ప్రకారం దేశంలో తొందరగా చీకటి పడే అండమాన్ పిల్లలకు మంచి నిద్ర దక్కాలి. ప్రకృతి వాళ్లకిచ్చిన వరం అది. దాన్ని మనం ట్యూబులైటు, టీవీ, తొమ్మిదింటి అన్నంతో చెరిపేస్తున్నాం. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. హైదరాబాదు పిల్లవాడు కావాలన్నా తెచ్చుకోలేని సాయంత్రం అది.

గడియారాన్నే మార్చాలన్న ప్రతిపాదనా ఉంది. 2018లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో దేశానికి రెండు కాలమండలాలు ఉండాలని రాశారు. గంట ముందు నడిచే రెండో మండలంలో ఈశాన్య రాష్ట్రాలతోపాటు అండమాన్ నికోబార్ దీవులనూ చేర్చారు. అది అమల్లోకి రాలేదు. అస్సాం తేయాకు తోటల్లో మాత్రం ‘బాగాన్ టైమ్’ పేరుతో గంట ముందుండే గడియారం చాలా కాలంగా నడుస్తోంది. ప్రభుత్వం ముల్లు తిప్పేదాకా ఆగనక్కర్లేదు. వంటింటి ముల్లు తిప్పుకోవచ్చని తోటల వాళ్లు చేసి చూపించారు.

కార్తీక నక్తం తుష్నాబాద్‌లో ఎన్ని గంటలకు విడుస్తారో తెలుసా?

కార్తీక మాసంలో నక్తం ఉండేవాళ్లు పగలంతా ఉపవాసం చేసి చుక్క పొడిచాక తింటారు. చుక్క గడియారం చూసి పొడవదు. తుష్నాబాద్ ఆకాశంలో ఐదున్నరకల్లా చుక్కలొచ్చేస్తాయి. హైదరాబాదులో ఆరు దాటాలి. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ కూడా ఇలాగే దీవుల్లో ముందు వస్తుంది. అక్క కార్తీక సోమవారాలు నక్తం ఉంటుంది. ఆ రోజుల్లో ఆరు లోపలే ఆమె భోజనం అయిపోతుంది. “ఆ రాత్రి ఆకలేసిందా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “లేదురా... నిద్ర బాగా పట్టింది” అంది. తన నోటితో తానే చెప్పిన జవాబు అది. వారంలో ఒకరోజు ఆకాశం చూసి తినే మనిషి, మిగతా ఆరు రోజులూ టీవీ చూసి తింటోంది.

పడుకునే ముందు ఎంత విరామం ఉండాలో తెలుసా?

రెండు మూడు గంటలు. తిన్నవెంటనే నడుం వాలిస్తే పొట్టలోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతుంది. ఛాతీలో మంట, పుల్ల తేన్పులు, కలత నిద్ర. ఎప్పుడైనా ఆలస్యం తప్పకపోతే ఎడమ వైపు తిరిగి పడుకోండి. పొట్ట ఆకారం వల్ల ఆ వైపు పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది.

సాయంత్రం టీ సంగతి కూడా. టీ, కాఫీల్లోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన టీలో సగం కెఫీన్ పదకొండింటికి కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది.

సముద్రం అడుగున పడిన తీగకు మన నిద్రతో సంబంధం ఉందని తెలుసా?

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు దీవుల్లో ఇంటర్నెట్ ఉపగ్రహం మీద ఈడ్చుకుంటూ నడిచేది. చదువులకు, ఆస్పత్రులకు, వ్యాపారానికి ఆ తీగ ఎంత మేలు చేసిందో చెప్పనక్కర్లేదు. దాంతోపాటు రాత్రిపూట ఫోనూ వచ్చింది. పడుకునే ముందు కొన్ని గంటలు వెలుగు తెర మీద పుస్తకం చదివినవాళ్లకూ అచ్చు పుస్తకం చదివినవాళ్లకూ తేడా చూసిన పరిశోధన 2015లో వచ్చింది. 12 మంది మీద చేసింది. తెర చదివిన రాత్రుల్లో మెలటోనిన్ సగానికి పైగా అణిగింది, మర్నాడు అది ఊరే వేళ గంటన్నర వెనక్కి జరిగింది. ఫోను చూస్తూ మెలకువగా ఉంటే చెయ్యి డబ్బా వైపు పోతుంది. కారప్పూస, బిస్కట్లు, పొద్దున్న మిగిలిన పూరీ. తినేది కొంచెమే అనిపిస్తుంది, రోజూ తింటాం.

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందని కూడా తేలిన విషయమే. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. రాత్రి తిండి నిద్రను తినేస్తుంది, తగ్గిన నిద్ర మళ్లీ రాత్రి తిండిని పిలుస్తుంది.

రాత్రి పని తప్పనివాళ్ల మాటేమిటి?

చేపలవేటకు వెళ్లేవాళ్లు, ఆస్పత్రి నర్సులు, కాపలావాళ్లు, రేవు కూలీలు. వీళ్లకు పెందలాడే పడుకోమని చెప్పడం అన్యాయం. వీళ్ల కోసం 2021లో ఒక మంచి కబురు వచ్చింది. రాత్రి డ్యూటీని అనుకరించి 19 మంది మీద పరీక్ష చేశారు. రాత్రి కూడా తిన్నవాళ్లకు రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. రాత్రి మెలకువగా ఉండి, పగటిపూట మాత్రమే తిన్నవాళ్లకు అలా పెరగలేదు. పడవెక్కే ముందు పొద్దుండగా అన్నం తిని, నడిరేయి మంచినీళ్లతోనో పలచటి మజ్జిగతోనో నెట్టుకొచ్చి, తెల్లవారాక చద్దన్నం తినడం మన బెస్తవాడల్లో పెద్దలకు తెలిసిన పద్ధతే. దాన్ని నామోషీగా చూడకుండా ఉంటే చాలు.

‘జీవన నాణ్యత’ను కొలిచే ప్రశ్నల్లో నిద్ర ఉందని తెలుసా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషి బతుకు ఎంత బాగుందో కొలవడానికి 26 ప్రశ్నల పత్రం తయారుచేసింది. డబ్బు సరిపోతోందా, స్నేహితుల అండ ఉందా, ఇల్లు బాగుందా అన్న ప్రశ్నల మధ్యలో ‘మీ నిద్రతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు?’ అని కూడా అడుగుతుంది. ఈ కొలమానాన్ని తయారుచేసిన తొలి కేంద్రాల్లో మద్రాసు ఒకటి. నిద్ర బాగుంటే రోజు బాగుంటుందని మన అమ్మమ్మలు అన్న మాటకు ఒక పత్రంలో చోటు దొరికిందని నేను సంతోషించాను.

అర్ధరాత్రి లేచి తినడం ఒక జబ్బు కావచ్చని తెలుసా?

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని చివరికి ఉంచాను. అక్కావాళ్లింట్లో రెండో రాత్రి రెండు గంటలప్పుడు వంటింట్లో స్టీలు మూత చప్పుడైంది. పిల్లి అనుకుని లేచాను. బావ. లైటు వేసుకోలేదు. ఫ్రిజ్ తలుపు సందులోంచి వచ్చే వెలుగులో నిలబడి, గిన్నెలోంచే చల్లన్నం తింటున్నాడు. నన్ను చూసి గిన్నె కింద పెట్టేశాడు. “ఇది తినకపోతే మళ్లీ నిద్రపట్టదు బావా” అన్నాడు, తప్పు చేసినవాడిలా. పొద్దున్న అక్క ఇడ్లీ పెడితే ఆయనకు సహించలేదు. టీ తాగి లేచిపోయాడు. “రాత్రి దొంగతిండి తిన్నారు కదా, ఇంకేటి తింటారు!” అని అక్క అంది. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

1955లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ మనోవైద్యుడు తన దగ్గరికొచ్చే స్థూలకాయుల్లో కొందరికి మూడు లక్షణాలు కలిసి ఉండటం గమనించాడు. పొద్దున్న ఆకలి ఉండదు, సాయంత్రం మొదలుకొని అతిగా తింటారు, రాత్రి నిద్ర పట్టదు. దానికి ‘నైట్ ఈటింగ్ సిండ్రోమ్’ అని పేరుపెట్టాడు. బక్కపలచని వాళ్లలోనూ ఇది ఉంటుందని తర్వాత తెలిసింది. 2010లో నిపుణులు గుర్తులు నిర్ణయించారు. రోజు తిండిలో నాలుగో వంతైనా రాత్రి భోజనం అయ్యాక తినడం, లేదా వారానికి రెండుసార్లయినా నిద్రలోంచి లేచి తినడం. తిన్న సంగతి మర్నాడు గుర్తుంటుంది. తినకపోతే మళ్లీ నిద్రపట్టదన్న గట్టి నమ్మకం, దిగులు, పొద్దున్నే తిండి సహించకపోవడం తోడవుతాయి. మూడు నెలలైనా అలా సాగి మనిషిని బాధపెడుతుంటే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. 2013లో అమెరికా మనోవైద్యుల గ్రంథంలో తినే అలవాట్ల రుగ్మతల కింద దీనికి చోటు దొరికింది.

బావది అదేనని నేను తేల్చలేను, అది డాక్టరు పని. కానీ తినకపోతే నిద్రపట్టదన్న ఆయన మాట, ఆ పుస్తకాల్లో రాసిన మాట ఒకటే.

దీనికి దగ్గరగా కనిపించే వేరే సంగతులూ ఉన్నాయి. కొందరు నిద్రమత్తులోనే లేచి తింటారు, మర్నాడు గుర్తుండదు. అది వేరే జబ్బు. జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రల వల్ల కూడా అలా రావచ్చు. ఇన్సులిన్‌గానీ షుగరు మాత్రలుగానీ వాడేవాళ్లు రాత్రి చెమటలు పట్టి, వణుకుతో, ఆకలితో లేస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతోందేమో చూసుకోవాలి. అలాంటప్పుడు తినడం తప్పనిసరి. వాళ్లు భోజనం వేళ ముందుకు జరపాలన్నా డాక్టరును అడిగి, మందు వేళ కూడా సరిచేసుకున్నాకే చేయాలి.

నైట్ ఈటింగ్ సిండ్రోమ్‌కు వైద్యం ఉంది. పగటి తిండిని సర్దడం, నిద్ర అలవాట్లు సరిచేయడం, మాటల చికిత్స, అవసరమైతే మందు. తాళం వేసిన ఫ్రిజ్, దెప్పిపొడుపు ఆ వైద్యంలో లేవు.

వచ్చే ముందు అక్కతో రెండు మాటలు చెప్పాను. పొయ్యి ఏడింటికి ముందే వెలిగించమని ఒకటి. బావను నవ్వులపాలు చేయొద్దని రెండోది. మొన్న ఫోను చేసింది. వారంలో ఐదు రోజులు ఏడున్నరకే అన్నాలైపోతున్నాయట, పిల్లలు ఎనిమిదిన్నరకు పడుకుంటున్నారట. బావ ఇంకా కొన్ని రాత్రులు లేస్తున్నాడు. ఈ నెలలో డాక్టరు దగ్గరికి వెళ్తామంది.

మీ ఇంట్లోనూ అర్ధరాత్రి మూత చప్పుడు వినిపిస్తుంటే, పొద్దున్న ఆ మనిషిని పదిమందిలో ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందో అడగండి, డాక్టరుకు చూపించండి. దీవుల్లో ఉన్నవాళ్లకు శ్రీ విజయపురం (పోర్ట్‌బ్లెయిర్)లో జి.బి. పంత్ ఆస్పత్రి ఉంది. ఎక్కడున్నవాళ్లయినా టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవ ఉచితం. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.